రావులపాలెం మీంచి

మంగళవారం మొదటి పంటుకి ముందు
చేతులకి నిమ్మచెక్క రుద్దుకుంటాను.
ఎంత రుద్దినా రొయ్యపొట్టు వాసన పోదు.
జాలీకి అవతల ఉన్నోడికి ఏం తెలుస్తుందే, అంటుంది అమ్మ.
తెలుస్తుంది.
లోవరాజు ముక్కు ఎగబీల్చి నవ్వుతాడు:
"ఈ వారం టైగరా, వెనామీయా?"

కోటిపల్లి రేవులో దిగి, రామచంద్రపురం బస్సెక్కి,
రాజమండ్రిలో ఆ ఎత్తు గోడ ముందు
ఆధార్ జిరాక్సు పట్టుకుని వరసలో నిలబడతాను.
బంధుత్వం అని ఉన్న గడిలో
మూడేళ్ళుగా ఒకటే మాట: అక్క.
గుమస్తా ఇప్పుడు అడగడం మానేశాడు,
తనే రాసేసుకుంటాడు.

మాగాయ సీసా ఎప్పుడూ వెనక్కే.
సున్నుండలు మాత్రం ఒకసారి
ఒక్కొక్కటీ చిదిమి చూసి, పొడి చేసి పంపారు.
ఆ పొడి కాగితంలో పోసుకు తిన్నానక్కా,
అమ్మ చెయ్యి తడబడ్డట్టుంది, ఉండ సరిగ్గా బిగవలేదు, అన్నాడు.
పొడిలో ఎలా కనిపెట్టాడో మరి.
అమ్మకి చెప్పాను.
ఆ రాత్రంతా అమ్మ
పక్షవాతం వచ్చిన కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.
వాడికి ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

పదిహేను నిమిషాలు.
అందులో రెండు, అందరి అరుపుల్లో
మన గొంతు వెతుక్కోడానికే పోతాయి.
లాయరు గారి బాకీ నేను ఎత్తను.
రాత్రుళ్ళు ఎలా ఉంటాయో వాడు ఎత్తడు.
మేక ఈనింది, రెండూ పోతులే, అని అరుస్తాను.
కాలవగట్టు తాడిచెట్టు మీద పిడుగు పడిందిరా, అని అరుస్తాను.
ఎర్రనీరొచ్చింది అనబోతే
"తెలుసు. మొన్న కుళాయి నీళ్ళు రంగు మారాయి."

గోదారికి అంత దగ్గరుండి
దాన్ని చూడకుండా తాగుతున్నాడు నా తమ్ముడు.

ఇక్కడ ఒక మాట.
వాడు చెయ్యలేదని నేనెవరికీ చెప్పలేదు.
చేశాడు.
రొయ్యల చెరువు తూము దగ్గర, అర్ధరాత్రి, నీళ్ళ తగువులో
వాడి చేతిలో పార ఉంది.
అవతలి మనిషి చేతిలో టార్చిలైటు ఉంది.
తెల్లారేదాకా అది నీళ్ళడుగున
వెలుగుతూనే ఉందంట.

మంగళవారం కాని రోజుల్లో
షెడ్డులో నా ఎదురుబల్ల పల్లాలుది.
ఆ టార్చిలైటు పల్లాలు పెనిమిటిది.
ఇద్దరం ఒకే ఐసు తొట్టిలో చేతులు పెడతాం.
ఆవిడ కిలోలు పిల్లల ఫీజులకి,
నా కిలోలు వాడి క్యాంటీను ఖాతాకి.
మూడేళ్ళలో మాట లేదు.
ఒకసారి నోరు తెరిచాను.
ఆవిడ రొయ్య తల తుంచిన చప్పుడికి
మూసుకున్నాను.

మొన్న సోమవారం పొద్దుగూకి
ఒకే గొట్టం దగ్గర చేతులు కడుక్కుంటున్నాం.
బయట వాన. గౌతమి లంకల్ని మింగుతోంది.
నా మొహం చూడలేదు, ఆ గొట్టానికే చెబుతున్నట్టు:
"పంటు ఆపేశారంట. రావులపాలెం మీంచి పో."
గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది.

క్షమించిందని నేననుకోను.
దారి చెప్పింది. అంతే.
మంగళవారం ఎప్పుడొస్తుందో
ఆవిడ కూడా లెక్కపెట్టుకుంటోందని మాత్రం
వంతెన మీద బస్సు ఆగినప్పుడు తట్టింది.
కింద నీళ్ళు, ఎవరివో అరటిగెలలు, ఒక తలుపు చెక్క.

"ఈ వరదలో పంటు ఉండదుగా,
ఎలా వచ్చావే అక్కా?"

రావులపాలెం మీంచి అన్నాను.
ఎవరు చెప్పారని అడిగాడు.
ఆ పేరు అక్కడ
అరిచి చెప్పాలి.
పక్కన ఎవరో ముసలామె మనవడికి బారసాల కబురు చెబుతోంది,
అటువైపు ఒకడు చెప్పుల సైజు చెబుతున్నాడు.
జాలీ పట్టుకుని
ఎన్ని నిమిషాలు ఊరుకున్నానో.

ఆ రోజు నిమ్మచెక్క మర్చిపోయాను.
వాడు నా వేళ్ళ దాకా మొహం తెచ్చి
ఏ రొయ్యో అడగలేదు.